మీకు కుదిరే వాయిద్యం ఏది? కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం చేసుకుంటూనో, పిల్లలు కాస్త పెద్దయ్యాకనో, రిటైరయ్యాకనో సరదాగా ఒక వాయిద్యం పట్టుకుందామనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. కచేరీలకు తయారయ్యేవాళ్ల దారి వేరు.

మధ్యలో మానేసినవాళ్లను కదిలిస్తే చాలామంది "నాకు సంగీతం అబ్బలేదండీ" అంటారు. తీరా చూస్తే గిటార్ తీగలు మెడ నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉంటాయి, లేకపోతే వీణ మెట్లు మైనంలో కుంగిపోయి ఉంటాయి, అదీ కాకపోతే మృదంగం మొదలెట్టగానే పక్క ఫ్లాటువాళ్లు బెల్లు కొడుతుంటారు. తప్పు చేతిది కాదు, జోడు కుదరలేదు. అందుకే ఇక్కడ జవాబులన్నీ మూడు సంగతుల చుట్టూనే తిరుగుతాయి: మీ ఒళ్లు, మీ ఇల్లు, మీ ఊళ్లో రిపేరు చేసే మనిషి.

అన్నింటిలోకీ తేలికైన వాయిద్యం ఏది?

మొదటి నెలలో తేలిక వేరు, మూడో ఏడులో తేలిక వేరు. కీబోర్డు మొదటి రోజే శ్రుతిగా పలుకుతుంది, కానీ కర్ణాటక సంగీతం నేర్చుకుంటే రెండో ఏడులో గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) దగ్గర గోడ అడ్డొస్తుంది. వయొలిన్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మూడు నెలలు కీచుమని, ఇంట్లోవాళ్ల ఓపికకు పరీక్ష పెట్టి, ఆ తర్వాత గొంతుతో పాడగలిగినదంతా పాడుతుంది. వేణువు వారం రోజులపాటు గాలి తప్ప ఏమీ ఇవ్వకపోవచ్చు. వీణకు మెట్లున్నాయి కాబట్టి స్వరస్థానం వెతుక్కునే బాధ లేదు, కష్టమంతా తీగను పక్కకు లాగి గమకం పలికించడంలోనూ శ్రుతి చేసుకోవడంలోనూ ఉంటుంది.

ఒక్క మాటలో చెప్పమంటే, మీరు రోజూ నిమిషంలో చేతిలోకి తీసుకోగలిగేదే తేలికైనది. అటక మీద సంచిలో ఉన్న వాయిద్యం ఎవరికీ తేలిక కాదు.

నాకు ఏది నచ్చుతుందో నాకే తెలియడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

స్నానాల గదిలో, బండి మీద, వంట చేస్తూ మీ నోట ఏం వస్తుందో వారం రోజులు గమనించండి. త్యాగరాజ కీర్తనలు, అన్నమయ్య పదాలు వస్తుంటే వీణ, వయొలిన్, వేణువు చూడండి. సినిమా పాట మొత్తం పాడుకుంటుంటే గిటార్ లేదా కీబోర్డు నయం, ఎందుకంటే పాట మీరే పాడుతూ కింద స్వరాలు వేసుకోవచ్చు. పాట మాటలు గుర్తులేకుండా బల్ల మీద దరువు మాత్రం వేస్తుంటే మీరు తాళవాద్యం మనిషి, ఆ సంగతి మీకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటుంది. పద్యం రాగాలాపనతో లాగి పాడే అలవాటుంటే హార్మోనియం.

పాడుతూ వాయించాలంటే వేణువు పక్కన పెట్టండి. ఇది చాలా తేట విషయమే, అయినా వేణువు కొన్నాక గుర్తొచ్చేవాళ్లున్నారు.

"మీ శ్రుతి ఎంత?" అని మాస్టారు అడిగారు. దాన్ని తెలుసుకోవడం ఎలా?

శ్రుతి అంటే మీరు 'స' పట్టుకునే ఎత్తు. మన దగ్గర దాన్ని అంకెల్లో చెబుతారు. హార్మోనియం మీద సి మెట్టు 1, డి 2, ఇ 3, ఎఫ్ 4, జి 5, ఎ 6, బి 7. నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మగవాళ్లు ఎక్కువగా 1, ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్లు 5, అయిదున్నర దగ్గర పాడతారు.

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి ఆ అంకె దగ్గర మొదలెట్టండి. షడ్జం (స) పట్టుకుని మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగండి. గొంతు గరగరమని మాట పోతే అర శ్రుతి పెంచండి. తర్వాత తారస్థాయి పంచమం (పై స్థాయి ప) దాకా ఎక్కండి. మెడ నరాలు బిగుస్తుంటే అర శ్రుతి తగ్గించండి. రెండు చివరలూ అరుపు లేకుండా అందే చోటు మీ శ్రుతి. ఉదయం లేవగానే చూస్తే గొంతు తగ్గులో ఉంటుంది కాబట్టి సాయంత్రం చూడండి.

పాటకు తోడుగా వాయించుకోవాలనుకుంటే మృదంగం, వేణువు, వయొలిన్ తీగలు అన్నీ ఈ అంకెను బట్టే కొనాలి. అంకె తెలియకుండా మృదంగం కొంటే మళ్లీ ఇంకోటి కొనాల్సి వస్తుంది.

వీణ కొనేముందు ఏమేం చూడాలి?

ముందు చోటు. నాలుగడుగుల పొడవు, సుమారు 8 కిలోల బరువు. రోజూ పెట్టెలోంచి తీసి మళ్లీ పెట్టేదైతే నెలలో విసుగొస్తుంది. ఎండ, పిల్లల పరుగులు తగలని మూల ఒకటి ఉండాలి.

వీణను పనస చెక్కతో చేస్తారు. కుండ, దండి (పొడవాటి మెడ), చివర ఉండే యాళి (సింహం లాంటి బొమ్మ) ముఖం అన్నీ ఒకే దుంగలోంచి తొలిస్తే ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసే వీణలకు ఆ పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడే జ్ఞాపికల కోసం చేసే చిన్న వీణలు కూడా దొరుకుతాయి, అవి షోకేసుకే. అతుకుల వీణ అంటే తక్కువ రకం అనుకోనక్కర్లేదు. అతుకు దగ్గర సందు లేకపోతే నేర్చుకోవడానికి నిక్షేపంగా పనికొస్తుంది.

అసలు పరీక్ష మెట్ల దగ్గర. 24 ఇత్తడి మెట్లు మైనంలో గుచ్చి ఉంటాయి. సారణి తీగను (పాట వాయించే ముఖ్యమైన తీగను) షడ్జానికి కలిపి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని 7వ మెట్టు మీద పంచమం, 12వ మెట్టు మీద పై షడ్జం సరిగ్గా పలుకుతున్నాయో చూడండి. తర్వాత ఒక్కో మెట్టూ మీటుతూ పైకి వెళ్లండి. ఒక చోట జరజరమని రొద వస్తే ఆ పక్క మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. మెట్లు కుదిరి లేకపోతే మేళం కట్టించాలి, అంటే మైనం తీసి, కొత్తది పోసి, మెట్లన్నీ చెవితో చూసుకుంటూ మళ్లీ గుచ్చడం. అది చేయగల మనిషి అన్ని ఊళ్లలోనూ ఉండడు. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిశాకే వీణ కొనండి.

మే నెల మధ్యాహ్నం వీణను కారులో వదిలి భోజనానికి వెళ్లొస్తే మైనం మెత్తబడి మెట్లు వాలిపోతాయి. పెళ్లికో ఊరికో తీసుకెళ్లినప్పుడు జరిగే ప్రమాదాల్లో ఎక్కువ ఇదే.

ఎడమచేతి వేళ్ల మీద తీగ గీతలు పడటం మామూలే. దూదికి కాస్త కొబ్బరినూనె అద్ది పక్కన పెట్టుకుని వేళ్లకు రాసుకుంటే జారుడు బాగుంటుంది. కుడిచేతికి గోళ్లు పెంచడం ఆఫీసులో, వంటింట్లో కుదరకపోతే వేలికి తొడుక్కునే తీగ గోళ్లు వాడండి.

వయొలిన్ మీద నాకు కీచు శబ్దమే వస్తోంది. వాయిద్యం మార్చాలా?

మార్చే ముందు నాలుగు చూడండి. కొత్త కమానుకు (వాయించే విల్లుకు) రోజన్ (పట్టు కోసం జుట్టుకు రాసే జిగురు బిళ్ల) పట్టి ఉండదు, అసలు శబ్దమే రాదు. కొత్త రోజన్ బిళ్ల అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి ముందు గరుకు కాగితంతో పైన గీసి, మొదటిసారి ముప్పై నలభై సార్లు కమాను లాగాలి. తర్వాత రోజుకు నాలుగైదు లాగులు చాలు, ఎక్కువైతే తెల్లపొడి రాలి గీరుడు వస్తుంది. రెండోది, కమాను బ్రిడ్జికీ (తీగలను ఎత్తి నిలిపే చెక్క) వేళ్ల పలకకూ నడిమధ్య నడవాలి. పలక మీదికి జారితే గాలి శబ్దం, బ్రిడ్జికి ఆనుకుంటే కీచు. మూడోది, బ్రిడ్జి నిటారుగా ఉందా చూడండి. శ్రుతి చేసిన ప్రతిసారీ తీగలు దాన్ని కాస్త ముందుకు లాగుతాయి. నాలుగోది, కమాను జుట్టును వేళ్లతో ముట్టుకున్నారేమో గుర్తు చేసుకోండి. చేతి జిడ్డు అంటిన చోట రోజన్ పట్టదు.

ఇవన్నీ సరిగా ఉన్నా కీచుమంటే అది చేయి అలవాటుపడే దశ. మూడు నెలలు ఆగండి.

కొనేటప్పుడు నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) ఉన్నది తీసుకోండి, ఎందుకంటే తీగలు చుట్టే బిరడాలు వానాకాలంలో బిగుసుకుని ఎండాకాలంలో జారిపోతాయి. మన పద్ధతిలో స-ప-స-ప కలుపుతారు. మామూలు తీగలు 5 శ్రుతికి హాయిగా కుదురుతాయి. వాటినే 1 శ్రుతికి దించితే తీగ సాగిలపడి గరగరమంటుంది, లావు తీగలు వేయించాలి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది, దానితోపాటు లోపల నిలబెట్టిన చిన్న కర్రపుల్ల కూడా. ఆ పుల్లను తిరిగి నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. వాయించడం అయ్యాక కమాను మర తిప్పి జుట్టు వదులు చేయడం మర్చిపోతే కర్ర వంగిపోతుంది.

పెద్దవాళ్లకు పూర్తి సైజు సరిపోతుంది. పిల్లలకు మాత్రం చేయి చాచి మెడ నుంచి అరచేతి నడిమి దాకా కొలవండి. సుమారు 23 అంగుళాలు ఉంటే పూర్తి సైజు, 22 దగ్గర ముప్పావు, 20 దగ్గర సగం సైజు. "ఎదుగుతాడు కదా" అని పెద్దది కొంటే వాడు ఎదిగేలోపు మానేస్తాడు.

వేణువు చౌక కదా, దానితో మొదలెట్టొచ్చా?

మొదలెట్టొచ్చు, తిరునాళ్లలో కొన్న పిల్లనగ్రోవితో మాత్రం వద్దు. దాని రంధ్రాలు కంటికి అందంగా ఉండేలా వేసినవి, చెవికి కాదు.

కర్ణాటక వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది, హిందుస్తానీ బాన్సురికి ఆరు లేదా ఏడు ఉంటాయి. మన వేణువులో పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జం, బాన్సురిలో మూడు మూస్తే షడ్జం. కాబట్టి ఒకదాని మీద నేర్చుకుని రెండోదానికి మారితే వేళ్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఏ సంగీతమో తేల్చుకుని కొనండి.

దుకాణంలో వేళ్లు పెట్టి చూడండి. ఉంగరపువేలు రంధ్రాన్ని పూర్తిగా మూయలేక పక్కనుంచి గాలి పోతుంటే ఆ వేణువు మీ చేతికి పెద్దది. వేలి మొనతో కాదు, మొన వెనక మెత్తటి కండతో మూయాలి. మొదట్లో అన్ని రంధ్రాలూ తెరిచి ఊదుతూ, శబ్దం నిలిచాక పైనుంచి ఒక్కో వేలూ వేయండి. కళ్లు తిరిగితే ఎక్కువ గాలి వదులుతున్నట్టు, ఆపి కూర్చోండి. మొదటి వారం పది నిమిషాలు మించొద్దు.

ఏసీ గదిలో వెదురు ఎండి పగులుతుంది. నెలకోసారి లోపల బాదం నూనెలో తడిపిన గుడ్డ తిప్పండి. పంటికి క్లిప్పులు వేయించుకున్న పిల్లలూ కట్టుడుపళ్లు కొత్తగా పెట్టించుకున్నవాళ్లూ కొన్ని నెలలు ఆగడం మంచిది. పెదవి కుదురు మారిపోతుంది.

ఫ్లాటులో మృదంగం సాధ్యమేనా?

సాధ్యమే, రోజంతా కాదు. గోడకు ఆనించి కూర్చోకండి, కింద మందపాటి బొంత వేయండి, పక్కవాళ్లతో వేళ ముందే మాట్లాడుకోండి. మిగతా సాధన నోటితో. "తకధిమి తకఝణు" చేత్తో తాళం వేస్తూ మూడు కాలాల్లో (వేగాల్లో) తడబడకుండా చెప్పగలిగితే సగం పాఠం వచ్చినట్టే, ఏ మాస్టారైనా అదే అడుగుతారు. దిండు మీద వాయిస్తే చేతి కదలిక అలవాటవుతుంది, నాదం మాత్రం తెలియదు.

తగ్గు శ్రుతికి పొడవైన మృదంగం, సుమారు 24 అంగుళాలు. హెచ్చు శ్రుతికి పొట్టిది, 22 దగ్గర. ఎడమ మూత మీద బొంబాయి రవ్వను నీళ్లతో తడిపి ముద్దగా అద్దుతారు, గుంకారం దానివల్లే. అయిపోయాక గీకి తుడవాలి. బద్ధకించి రాత్రి వదిలేస్తే పులిసి తోలు పాడవుతుంది, బొద్దింకలు మిగతా పని పూర్తి చేస్తాయి. తోలు వార్లు బిగించడం నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు బోల్టులు బిగించే మృదంగాలున్నాయి. నాదంలో కొంచెం తేడా ఉంటుంది, రోజువారీ సాధనకు ఇబ్బంది లేదు.

కీబోర్డా, హార్మోనియమా?

సినిమా పాటలకు, పిల్లలకు స్వరాలు గుర్తుపట్టించడానికి కీబోర్డు. 61 మెట్లు, పూర్తి వెడల్పు మెట్లు, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే టచ్ సెన్సిటివ్ రకం అయి ఉండాలి. బొమ్మ కీబోర్డుల సన్న మెట్ల మీద అలవాటైన వేళ్లు తర్వాత పెద్దదాని మీద తప్పుతాయి. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అన్ని పాటలూ తెల్లమెట్ల మీదే వాయించే అలవాటు మొదట సుఖమే, ఇంకొకరితో కలిసి వాయించాల్సిన రోజు దిక్కు తోచదు.

హార్మోనియం పద్యానికీ భజనకూ. పద్యనాటకాల్లో నటుడి గొంతు వెనక అది నిలబెట్టిన నాదం వేరే వాయిద్యంతో రాదు. మెట్టుకు మెట్టుకు మధ్య జారలేదు కాబట్టి గమకం పలకదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టడానికి ఒక కారణం అదే. కొనేటప్పుడు మీటలు తెరిచి, తిత్తి నిండా గాలి కొట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదలండి. రెండు మూడు సెకన్లలోనే తిత్తి కూలబడితే లీకు. ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం మోగుతుంటే ఆ మెట్టు కింది స్ప్రింగో తోలో పోయింది, అది చిన్న రిపేరే. మెట్లను జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్‌ఛేంజర్ రకం బరువెక్కువ, రిపేరూ ఎక్కువ. ఒక్క గొంతుకే వాయించేవాళ్లకు అక్కర్లేదు.

గిటార్ వల్ల వేళ్లు మండిపోతున్నాయి. నాకు పడదా?

వేలి కొసలు మండటం మామూలే, రెండు నుంచి నాలుగు వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టో బొటనవేలి మొదలో నొప్పెడితే మాత్రం ఆపాలి. చాలాసార్లు కారణం తీగల ఎత్తు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని ఏటీఎం కార్డులు మూడు కలిపి 12వ మెట్టుకూ లావు తీగకూ మధ్య పెట్టండి. మూడు కార్డులు సుమారు 2.3 మిల్లీమీటర్లు, అవి తాకీ తాకనట్టు పడితే బాగున్నట్టు. నాలుగు కార్డులు కూడా వదులుగా దూరితే గిటార్‌ను సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేయించండి. చవక గిటార్లు దుకాణం నుంచే ఎత్తు తీగలతో వస్తాయి, అందుకే బడ్జెట్‌లో అయిదో వంతు సెటప్‌కూ మంచి తీగలకూ ఉంచుకోండి. సన్నతీగలు, అంటే 0.010 సెట్టు, అడిగి వేయించుకోండి. అప్పటికీ బాధగా ఉంటే నైలాన్ తీగల గిటార్ లేదా యుకులేలే.

మెట్లున్న పాశ్చాత్య వాయిద్యం మీద మన సంగీతం పలకదంటారు, నిజమేనా?

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద పలికించి చూపించారు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు ఉంటాయి, రెండు తీగల్ని ఒకేలా లాగడం కుదరదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చినదే, ఇప్పుడు అది లేకుండా కచేరీ ఊహించలేం. మీకు నేర్పే మనిషి దొరుకుతారా అన్నదే అసలు ప్రశ్న.

డప్పు నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో కుదురుతుందా?

ఇంట్లో కుదరదు, ఆరుబయట చోటుండాలి. ఒక చేతిలో పొట్టిగా లావుగా ఉండే చిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. దరువు బరువంతా చిర్రది, సందుల్లో చిటపటలు సిటికెన పుల్లవి. తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి. ముసురు రోజున ఎంత కాచినా అరగంటలో మళ్లీ బొదబొదమంటుంది. మంట పెట్టుకునే వీలు లేనివాళ్లకు ప్లాస్టిక్ మూత డప్పులు ఉన్నాయి, కాస్త పదునుగా మోగుతాయి. ఒంటరిగా కాక దళంతో నేర్చుకుంటేనే అడుగూ దరువూ కలుస్తాయి.

అరవై దాటాయి, మోకాళ్లు మడవలేను.

వయొలిన్, వేణువు, హార్మోనియం కుర్చీలో కూర్చుని వాయించొచ్చు. వీణను కూడా తగిన ఎత్తు స్టాండు మీద పెట్టుకుని కుర్చీలోంచి వాయిస్తారు. వేలి కణుపుల నొప్పులుంటే తీగ లాగే వీణ, ఉక్కు తీగల గిటార్ వద్దు.

ఎడమచేతి వాటం ఉంటే?

మృదంగం తిప్పి పెట్టుకుంటే సరి. గిటార్‌లో ఎడమచేతి రకాలు దొరుకుతాయి. వీణ, వయొలిన్ మాత్రం అందరిలాగే పట్టుకోవడం మంచిది, ఎందుకంటే వాటిలో రెండు చేతులకూ పని సమానం. తిరగేసినవి చేయించడం కష్టం, అమ్ముకోవడం ఇంకా కష్టం.

యూట్యూబ్ చూసి నేర్చుకుంటే చాలదా?

గిటార్, కీబోర్డుకు కొంతదూరం చాలుతుంది. వయొలిన్, వీణ, మృదంగానికి మొదటి ఆరు నెలలు మనిషి ఎదురుగా ఉండాలి, చేయి వంకర వీడియో పట్టదు. ప్రభుత్వ సంగీత కళాశాలలు మర్చిపోకండి. 1919లో మొదలై, ద్వారం వేంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన విజయనగరం మహారాజా కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరున్నది, హైదరాబాద్‌లో త్యాగరాజ కళాశాల, తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. ఉద్యోగస్తులు వెళ్లినప్పుడు సాయంకాలం తరగతులున్నాయా, వయసు పరిమితి ఉందా అని అడగండి.

ఎన్నాళ్లకు కుదరలేదని తేల్చుకోవాలి?

కొనకుండా అద్దెకో అరువుకో తెచ్చుకుని 30 రోజులు, రోజుకు 20 నిమిషాలు. క్యాలెండర్ మీద వాయించిన రోజు టిక్కు పెట్టండి. ఇరవైకి పైగా టిక్కులుంటే వాయించడం ఎంత చెత్తగా ఉన్నా అది మీ వాయిద్యమే. పదిలోపు ఉంటే ఎందుకు ఎగ్గొట్టారో రాసుకోండి: బయటికి తీయడం శ్రమా, చప్పుడు భయమా, నొప్పా, పాఠం విసుగా. మొదటి మూడూ అయితే వాయిద్యం మార్చండి. నాలుగోదైతే మాస్టారిని మార్చి చూడండి.

అమెరికా, ఆస్ట్రేలియాలో ఉంటాం. ఇక్కడినుంచి తీసుకెళ్లొచ్చా?

వీణ అయితే దండి విడదీసే రకం చూడండి, గట్టి ఫైబర్ పెట్టె తప్పనిసరి. విమానంలో తీగలు ఒకటి రెండు స్వరాలు దించితే చాలు, పూర్తిగా విప్పొద్దు. తోలు మూతలున్న మృదంగం, తబలా ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కాగితంలో తప్పక రాయాలి, దాచితే జరిమానా. మూతల మీద రవ్వ ఆనవాలు లేకుండా తుడిచి తీసుకెళ్లండి. చలి దేశాల్లో శీతాకాలం హీటర్లు గాలిని ఎండగొట్టి పనస చెక్కను పగలగొడతాయి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటరు వాయిద్యం పక్కనే పెట్టి, 40 లోపు పడితే, రంధ్రాలున్న సబ్బు డబ్బాలో తడి స్పాంజి పెట్టి పెట్టెలో ఒక మూల ఉంచండి, నీళ్లు కారకుండా పిండాకే.